పొట్టేలుతో సహా

పెద్దమ్మ పోయిన పదకొండో రోజున, ఇంటి ముందు టెంటు కింద కూర్చున్న చుట్టాలంతా కలిసి ఆమెను మంచి మనిషిని చేసేశారు. ఓపికమంతురాలట. ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదట. పెద్దల మాట జవదాటి ఎరగదట. విస్తరి ముందు కూర్చున్న నాకు ముద్ద దిగలేదు. ఏడుపు వల్ల కాదు, ఒళ్లు మండి. ఈ మాటలన్నీ నిజమైతే పోయినావిడ మా పెద్దమ్మ కాదు, ఇంకెవరో. నేను చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తాను. సీసా మీద ఒక పేరు రాసి లోపల ఇంకొకటి పోస్తే అక్కడ ఊరుకోం. ఇక్కడా ఊరుకోదలచుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె మా బాపు వాళ్ల అన్న, పెద్దబాపు భార్య. కేతేపల్లి మండలంలో చిన్న ఊరు మాది, గొర్లు కాసే ఇల్లు. అన్నదమ్ముల రెండు కుటుంబాలకూ ఒకటే వాకిలి. పెద్దమ్మ బడికి పోలేదు. ఎవరి దగ్గరా భయపడటం కూడా నేర్చుకోలేదు.

"ఎందుకట?" అన్నది ఆమె మాట. ఎవరైనా ఏదైనా చెయ్యమన్నా, చెయ్యొద్దన్నా, ఎడమచెయ్యి నడుం మీద పెట్టుకుని, ముఖం కొంచెం పక్కకు తిప్పి, "ఎందుకట?" అని అడిగేది. అడిగి ఆగేది. ఆ ఆగడమే అసలు సంగతి. మనం ఏదైనా అడిగితే, ఎదుటివాళ్లు ఇబ్బంది పడగానే మనమే సర్దిచెప్పుకుంటాం. పెద్దమ్మ సర్దిచెప్పేది కాదు. బొడ్లో ఎప్పుడూ కాస్త ఉన్ని ఉండేది. దాన్ని రెండు వేళ్ల మధ్య నలుపుతూ, జవాబు వచ్చేదాకా ఎదుటివాళ్ల ముఖంలోకి చూస్తూ నిలబడేది.

ఆమె కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, మగవాళ్లు తిన్నాకే ఆడవాళ్లు తినాలని మా అవ్వ చెప్పిందట. "ఎందుకట?" అందట పెద్దమ్మ. అవ్వ చాలాసేపు ఆలోచించి, "నాకు మా అత్త గట్లనే చెప్పింది" అందట. "అయితే ఆమెనడిగొచ్చి చెప్పు, అందాక నేను తింట" అని పెద్దమ్మ పళ్లెం ముందేసుకుని కూర్చుందట. ఆ అత్త పోయి అప్పటికే చాలా ఏళ్లు. ఈ ముచ్చట మాకు చెప్పింది అవ్వే. చెప్పినప్పుడల్లా నవ్వేది కూడా.

కారణం చెబితే మాత్రం పెద్దమ్మ చప్పున ఒప్పుకునేది. ఒకసారి దవాఖానలో చెప్పులు బయట విడవమని నర్సు కసిరింది. "ఎందుకట?" అని ఈమె నిలబడింది. "లోపల పురుడు పోసుకున్నోళ్లున్నరమ్మా, పసిపిల్లలకు దుమ్ము మంచిది కాదు" అంది నర్సు, ఈసారి కొంచెం మెత్తగా. అంతే. పెద్దమ్మ తన చెప్పులు విడిచి, వెనక వస్తున్న నలుగురి చేతా విడిపించి గానీ లోపలికి పోలేదు. "గా ముచ్చట ముందుగాలనే చెప్తె అయిపోవు గదా" అని నర్సుకు చెప్పింది. ఊళ్లో ఆమెను మొండిది అనేవాళ్లు. నాకు తెలిసి ఆమె మొండితనం అంతా కారణం చెప్పనివాళ్ల దగ్గరే.

పిల్లలతో ముద్దుముద్దుగా మాట్లాడటం ఆమెకు చేతకాదు. పెద్దవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడేది. తన నాలుగేళ్ల మనవడు చిన్నోణ్ని కూడా, "ఇయ్యాల మబ్బు పట్టింది, మందను గుట్ట దిక్కు కొట్టాల్నా వద్దా, ఏమంటవ్?" అని అడిగేది. వాడు గంభీరంగా ఆకాశంలోకి చూసి, "వద్దు" అనేవాడు. కొన్నిసార్లు వాడి మాట వినేది కూడా.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, ఒక అబద్ధం ఆడాను. దసరా సెలవులు అయ్యాక సారు ఒక్కొక్కరినీ లేపి సెలవుల్లో ఏం చేశారో చెప్పమన్నాడు. ఒకమ్మాయి హైదరాబాద్‌లో మేనమామ వాళ్లింటికి పోయి, పట్నం అంచున ఉన్న పెద్ద ఆటల పార్కు చూసొచ్చింది. క్లాసు మొత్తం నోరు తెరుచుకుని విన్నది. తర్వాత వంతు నాది. నేను సెలవుల్లో గొర్లకాడికి సద్ది మోశాను. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. "నేను గూడ గా పార్కుకు పోయిన సార్. తలకిందులుగ తిరిగే రైలు ఎక్కిన" అన్నాను. ఆ అమ్మాయి వెంటనే, "మరి చేతికి కట్టిన పట్టీ ఏ రంగుది?" అని అడిగింది. పట్టీ కడతారని నాకేం తెలుసు. "నాకు కట్టలే" అన్నాను. క్లాసంతా గొల్లుమన్నది. ఆ రోజు నుంచి నా పేరు రైలు. నీళ్ల కాడికి పోతే రైలు, ప్రార్థనలో నిలబడితే రైలు. వెనక నుంచి కూత కూడా కూసేవాళ్లు.

సారు ఒకరోజు టీ కొట్టు దగ్గర మా బాపుకు ఆ సంగతి చెప్పాడు. బాపు ఇంటికొచ్చి చెయ్యెత్తాడు. పెద్దమ్మ గొర్ల కొట్టంలో నుంచి వచ్చి మధ్యలో నిలబడింది.

"ఎందుకట కొట్టుడు?"

"అబద్ధమాడింది వదినా. నలుగుట్ల ఇజ్జత్ తీసింది."

"గది పోయొచ్చిన అన్నది. మనం దాన్ని ఎన్నడన్న యాడికన్న తోల్కపోయినమా?"

బాపు ఎత్తిన చెయ్యి దించి బయటికి పోయాడు. పెద్దమ్మ నా పక్కన కూర్చుని, అబద్ధం ఎందుకాడావని అడగలేదు. "ఏం ఎక్కినన్నవ్?" అని అడిగింది. చెప్పాను. "తలకిందులైతదా? అందుల కూసున్నోళ్లు పడరా?" అంది. "ఏమో" అన్నాను ఏడుస్తూ. ఆమె బొడ్లోంచి ఉన్ని తీసి నలుపుతూ చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి గొర్లకు నీళ్లు పెట్టడానికి పోయింది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

మూడు వారాలకు, ఒక శనివారం, "రేపు పొద్దుగాల జీపొస్తది, పిల్లలందరు తానాలు చేసి తయారుగుండ్రి" అని చెప్పింది. ఎక్కడికి అని ఎవరూ అడగలేదు. అడగకూడదు. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడిగితే పోయిన పని చెడిపోతుందని మా దగ్గర గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి కారణం ఏమిటో పెద్దమ్మ కూడా ఎన్నడూ అడిగినట్టు లేదు. మాకు తెలియకుండా తీసుకుపోయి ఒక్కసారిగా చూపించాలని ఆమె కోరిక. అందుకని ఆ ఆచారం చాటున నోరు మూసుకుని కూర్చుంది. డబ్బెక్కడిదని మీరూ అడగొద్దు. ఆమె గొర్లు, ఆమె ఇష్టం.

అయితే మా ఇంట్లో పిల్లలందరినీ ఎక్కించుకుని బండి కట్టారంటే, అది మొక్కు తీర్చడానికే. పెళ్లికైనా బస్సులోనే పోతాం. కాబట్టి ఇంట్లో అందరికీ విషయం అర్థమైపోయింది, పెద్దమ్మకు తప్ప. అమ్మ మాకు పసుపు రాసి తానాలు చేయించింది. చిన్నోడు గుండు కొట్టిస్తారని తల పట్టుకుని ఏడ్చాడు. పెద్దబాపు మాత్రం ఏమీ మాట్లాడలేదు. ఆయన మాట్లాడటమే తక్కువ. మొక్కు పెట్టుకున్న మనిషి పొట్టేలు సంగతి మరిచిపోయిందని ఆయనకు అనిపించింది. పదిమందిలో గుర్తుచేస్తే ఆమె చిన్నబోతుందని, తనే మందలోంచి మంచి పొట్టేలును ఏరి, కడిగి, నుదుట పసుపు కుంకుమ పెట్టి, మెడలో వేపమండ కట్టాడు. పెద్దమ్మ ముందు సీట్లో రొట్టెల మూట సర్దుకుంటుంటే, వెనక తలుపు తీసి మా కాళ్ల మధ్య దాన్ని పడుకోబెట్టి, తనూ ఎక్కి కూర్చున్నాడు. పిల్లలం ఆరుగురం ఒకరి మీద ఒకరం సర్దుకున్నాం.

నార్కట్‌పల్లి దాటాక అది అరిచింది.

పెద్దమ్మ వెనక్కి తిరిగి చూసింది. వేపమండ చూసింది. పెద్దబాపును చూసింది.

"గిదెందుకట?"

"మొక్కుకు" అన్నాడాయన.

"ఎవరు మొక్కిన్రు?"

"నువ్వు గాదా?"

పెద్దమ్మ అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లలో నీళ్లు కారేదాకా నవ్వింది. జీవితంలో ఒక్కసారి కారణం అడగకుండా ఒక ఆచారాన్ని వాడుకుంటే, అది పొట్టేలై వెనక సీట్లోకి వచ్చి కూర్చుంది. వెనక్కి తిప్పాలా అని డ్రైవరు అడిగాడు. "వద్దు. ఎక్కింది గదా, రానీ" అంది. ఎక్కడికో మాత్రం అప్పుడు కూడా చెప్పలేదు.

పార్కు గేటు ముందు జీపు ఆగినప్పుడు నాకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. గోడ పైనుంచి రైలు పట్టాలు కనిపించాయి. ఆకాశంలో పెద్ద చుట్ట తిరిగి ఉన్నాయి. పెద్దమ్మ దిగి, నా భుజం మీద చెయ్యేసి, "గదేనా నువ్వన్నది?" అని అడిగింది. తల ఊపాను. మిగతా పిల్లలు అప్పటికే అరుస్తూ గేటు వైపు పరిగెత్తారు. చిన్నోడు గుండు లేదని తెలిసి అందరికంటే ముందున్నాడు. ఆ క్షణంలో నాకు సంతోషం కంటే సిగ్గే ఎక్కువ కలిగింది. నా అబద్ధం కోసం ఇంత దూరం వచ్చిందామె.

గేటు దగ్గర కాపలాదారు చెయ్యి అడ్డం పెట్టాడు. పొట్టేలు వైపు చూపిస్తూ, "జంతువులకు లోపలికి మనా" అన్నాడు.

"లోపలికి అది ఎందుకొస్తది? దానికి ఈడ జర జాగ చూపియ్యి. మేం పోతం" అంది పెద్దమ్మ.

"ఈడ కట్టెయ్యొద్దమ్మా. బండ్లు ఆగే జాగ ఇది. తీస్కపోండ్రి."

"ఎందుకట? బండ్లు ఆగంగ లేంది గొర్రె ఆగితె ఏమైతది?"

వెనక కార్లు ఆగాయి. హారన్లు కొడుతున్నారు. కార్లలోంచి తలలు బయటికి వచ్చి మమ్మల్ని, పసుపు పూసిన పొట్టేలును చూసి నవ్వుతున్నాయి. ఒకాయన ఫోను తీసి ఫొటో తీశాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. పెద్దమ్మ మాత్రం నడుం మీద చెయ్యి తియ్యలేదు. కాపలాదారు వయసు మళ్లిన మనిషి. ఆమె వైపు చూసి, పొట్టేలు వైపు చూసి, ఏమనుకున్నాడో ముందుకు వంగి దాని పెదవులు విడదీసి పళ్లు చూశాడు. వీపు మీద అరచెయ్యి వేసి నొక్కాడు.

"రెండు పండ్లదా?" అన్నాడు.

గొర్రెకు పళ్లు చూసి వయసు చెప్పేది మావాళ్లే. పెద్దమ్మ గొంతు మారిపోయింది. "ఏ ఊరు మీది, అన్నా?"

"కొల్లాపూర్ దిక్కు. మాయి గూడ గొర్లే ఉండె" అని ఆయన తాడు తన చేతిలోకి తీసుకున్నాడు. "ఆ గోడ నీడకు కట్టేస్త. సూస్త తీ. పిల్లలను తోల్కపో చెల్లె."

పెద్దబాపు లోపలికి రానన్నాడు. ఎంత పిలిచినా రాలేదు. బయటి తిండి లోపలికి తేవద్దన్నారని రొట్టెల మూట కూడా ఆయన దగ్గరే వదిలేశాం. సాయంత్రం మేం బయటికి వచ్చేసరికి ఆయనా కాపలాదారూ మూట ముందేసుకుని, పొట్టేలును పక్కన పెట్టుకుని, పుట్టినప్పటి నుంచి ఎరిగినవాళ్లలా మాట్లాడుకుంటున్నారు. ఆయన అన్ని మాటలు మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి.

లోపల నీళ్ల ఆటల దగ్గర, చీరతో దిగొద్దని అక్కడి అమ్మాయి చెప్పింది. వాళ్ల దగ్గర కిరాయికి దొరికే మోకాళ్ల దాకా ఉండే నైలాను బట్టలు వేసుకోవాలంది. మామూలుగానే పెద్దమ్మ ఎందుకట అంది. చీర నీళ్లలో కాళ్లకు చుట్టుకుంటుందని, మునిగిపోయే ప్రమాదముందని ఆ పిల్ల ఓపికగా చెప్పింది. ఒడ్డున ఇంకా చాలామంది తల్లులు చీరల్లో, బ్యాగులు కాపలా కాస్తూ కూర్చున్నారు. పెద్దమ్మ కూడా అక్కడే కూర్చుంటుందనుకున్నాం. ఆమె ఉన్ని నలిపింది. లోపలికి పోయింది. నీలం రంగు లాగు, పైన అదే రంగు చొక్కాతో బయటికొచ్చింది. జీవితంలో మొదటిసారి ఆమె పిక్కలు పగటి వెలుగులో చూశాను. వాటి నిండా పచ్చబొట్లు. ఇద్దరు ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"పెద్దమ్మా, అందరు సూస్తున్నరు" అన్నాను.

"సూడనీ. నేను గూడ వాళ్లను సూస్తలేనా?" అని చిన్నోణ్ని చంకనేసుకుని నీళ్లలోకి దిగింది.

మధ్యాహ్నం దాటాక, పెద్దమ్మ మళ్లీ చీర కట్టుకున్నాక, రైలు దగ్గరికి పోయాం. అక్కడ ఒక కొలతబద్ద నిలబెట్టి ఉంది. ఆ గీత దాకా ఎత్తున్నవాళ్లనే ఎక్కనిస్తారు. నేను వెళ్లి నిలబడ్డాను. రెండు వేళ్లు తక్కువ. మడమలెత్తాను. అక్కడున్న అబ్బాయి నవ్వి, నా భుజాలు నొక్కి కిందికి దించాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత దూరం వచ్చిందే దీని కోసం.

"రెండు వేళ్లకే ఆపుడు ఎందుకట?" అంది పెద్దమ్మ. ఆమె గొంతులో కోపం విని నాకు ఆశ కలిగింది. ఆమె ముందు ఎవరు నిలబడగలరు?

"తలకిందులైనప్పుడు పట్టీ భుజాల మీద నిలవాలమ్మా. గింత పొట్టి పిల్లయితే జారిపోతది" అన్నాడతను.

పెద్దమ్మ నా భుజాలు చూసింది. ఆ పట్టీ చూసింది. "అయితే వద్దు" అంది. ఒక్క మాట. ఇక బతిమాలినా లాభం లేదని నాకు తెలుసు. అప్పుడు ఆమెను అసహ్యించుకున్నాను. కొంగు పట్టి గుంజి, "నువ్వు నాకోసమే తెచ్చినవ్ గదా" అని ఏడ్చాను. ఆమె కాసేపు నన్నలా ఏడవనిచ్చి, చెప్పులు విడిచి నా చేతిలో పెట్టింది. "నేను ఎక్కొస్త. ఏముంటదో చూసొచ్చి నీకు చెప్త" అంది.

ఇద్దరు పట్నం కుర్రాళ్ల మధ్య కూర్చుంది. పట్టీ దించారు. రైలు పైకి పోయింది, తిరగబడింది. అందరి అరుపులూ వినిపించాయి గానీ ఆమె గొంతు వినిపించలేదు. దిగి వచ్చినప్పుడు కొప్పు ఊడి జుట్టు ముఖాన పడి ఉంది. నేరుగా వచ్చి గట్టు మీద కూలబడి, నా చేతిలో నీళ్ల సీసా తీసుకుని సగం తాగింది.

"ఎట్లున్నది?" అన్నాను.

"పైకి పోంగ దూరం దాంక కనవడ్డది, గుట్టలు గూడ. మల్ల తలకిందులైంది. అప్పుడేం కనవడలే బిడ్డా, కండ్లు మూసుకున్న. భయమైంది."

నేను ఆమెకు భయం వేయడం ఎన్నడూ చూడలేదు. వేసిందని తనే చెప్పడమూ ఎన్నడూ వినలేదు. కాసేపటి కింద ఆమె మీద పెంచుకున్న కోపమంతా ఎటు పోయిందో. అప్పటినుంచి ఇప్పటిదాకా నేను ఆమెను ప్రేమించినంతగా ఎవరినీ ప్రేమించలేదు.

తిరుగు ప్రయాణంలో నా చేతికి ఆకుపచ్చ పట్టీ ఉంది. ఇక ఎవరూ నన్ను ఏమీ అనలేరు. పట్టీ చూపించి రైలు ఎక్కానంటే చాలు, కొలతబద్ద సంగతి ఎవరికి తెలుస్తుంది? పొట్టేలు సంగతి ఎత్తకపోతే నవ్వేవాళ్లూ ఉండరు. చిట్యాల దగ్గర పెద్దమ్మ ముందు సీట్లోంచి తిరిగింది.

"రేపు బడిల ఏం చెప్తవ్?"

"రైలెక్కిన అని" అన్నాను.

"ఎందుకట?"

అడిగి ఆగింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆమె ఇంకా నా వైపే చూస్తోంది. ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్న పిల్లల మధ్య పొట్టేలు నెమరు వేస్తోంది. నకిరేకల్ వచ్చేదాకా ఆలోచించినా నాకు జవాబు దొరకలేదు.

పొట్టేలును ఏం చెయ్యాలన్న దాని మీద ఇంట్లో రెండు రోజులు గొడవైంది. పసుపు పెట్టి బయటికి తీసినదాన్ని కొయ్యాల్సిందేనని బాపు అన్నాడు. "గది దేవుని కాడికి పోలే, పార్కుకు పోయింది. ఎందుకట కోసుడు?" అంది పెద్దమ్మ. అది ఇంకో నాలుగేళ్లు బతికింది.

సోమవారం ప్రార్థన అయ్యాక ఎవరో రైలు కూత కూశారు. క్లాసులో సారు వచ్చి కూర్చోగానే నేను లేచి, సారు, ఒకటి చెప్పాలె అన్నాను. చెయ్యి పైకెత్తి పట్టీ చూపించాను. నిన్న మేం పార్కుకు పోయాం అన్నాను. అప్పుడు ఆపేసి కూర్చుంటే సరిపోయేది. నన్ను నమ్మేవాళ్లు. ఆ అమ్మాయి నా పట్టీ వైపే చూస్తోంది, నమ్ముతోంది కూడా.

"దసరాకు పోలే. గది అబద్ధం. నిన్న గూడ నేను రైలు ఎక్కలే, పొట్టిగున్న అని ఎక్కనియ్యలే. మా పెద్దమ్మ ఎక్కింది. మా పొట్టేలు గూడ మాతోని వచ్చింది" అన్నాను.

మొదట ఎవరూ నవ్వలేదు, అర్థం కాక. తర్వాత క్లాసు పగిలిపోయింది. బెంచీలు కొట్టి నవ్వారు. సారు కూడా నవ్వు ఆపుకోలేక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఒక అబద్ధం చాలదని ఇంకొకటా, కూర్చో అన్నాడు. నేను కూర్చోలేదు.

"ఇంక అయిపోలే సార్" అన్నాను. బెల్లు కొట్టేదాకా, నార్కట్‌పల్లి దగ్గర అది అరిచినప్పటి నుంచి మొదలుపెట్టి, మొత్తం చెప్పాను.